జిల్లా వార్త: దగ్గరితనం తెచ్చే బాధ్యత

ఒక వార్తను ఊహించుకుందాం. లైంగిక దాడికి గురైన బాలిక పేరు అందులో లేదు. ఫొటో కూడా లేదు. చట్టాన్ని పాటించినట్టే కనిపిస్తుంది. కాని మండలం పేరు ఉంది, ఊరి పేరు ఉంది. బాలిక తొమ్మిదో తరగతి చదువుతోందని, తల్లి అంగన్‌వాడీ ఆయా అని, తండ్రి రెండేళ్ల క్రితం గల్ఫ్ వెళ్లాడని ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఈ వార్త చదివేవారికి ఆ బాలిక ఎవరో ఎన్నటికీ తెలియదు. ఆ ఊళ్లో చదివేవారికి మాత్రం రెండో వాక్యం పూర్తి కాకముందే తెలిసిపోతుంది. ఆ బాలిక రేపటి నుంచి బడికి నడవవలసింది ఆ ఊరి వీధిలోనే.

స్థానిక వార్తల నైతిక ప్రమాణాలపై చర్చ ఇక్కడి నుంచి మొదలు కావాలి. జాతీయ వార్తలో పాఠకుడికీ, వార్తలోని మనిషికీ మధ్య ఎంతో దూరం ఉంటుంది. ఆ దూరమే ఒక రక్షణగా పనిచేస్తుంది. జిల్లా పేజీలో ఆ దూరం ఉండదు. వార్త రాసినవారు, వార్తలోకి ఎక్కినవారు, దాన్ని చదివేవారు ఒకే బస్టాండులో బస్సు కోసం నిలబడతారు. అందువల్ల రాజధానులను దృష్టిలో పెట్టుకొని రాసుకున్న నియమావళిని యథాతథంగా మండలానికి దింపితే సరిపోదు. అక్కడ జాగ్రత్త మరింత పెరగాలి. ఆ జాగ్రత్తకు అయ్యే శ్రమను, ఖర్చును కింది స్థాయి విలేకరి నెత్తినే వేయకుండా డెస్కూ, యాజమాన్యమూ పంచుకోవాలి. ప్రస్తుతం మన దేశంలో ఈ రెండో పనే జరగడం లేదు.

ఇంటి ముంగిటికి వచ్చిన పత్రిక

తెలుగు ప్రాంతాల్లో స్థానిక వార్త ఇంత బలపడటానికి ఒక చరిత్ర ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నం నుంచి 'ఈనాడు' ప్రారంభమైనప్పుడు, పత్రికను పాఠకుడి ఊరికి దగ్గరగా అచ్చువేయాలన్న ఆలోచన బలంగా ముందుకు వచ్చింది. 1989లో ఆ పత్రిక జిల్లాకొక ప్రత్యేక అనుబంధాన్ని తీసుకురావడంతో ఈ ఆలోచన కొత్త మలుపు తిరిగింది. క్రమంగా ఇతర పత్రికలూ అదే దారి పట్టాయి. 2008లో 'సాక్షి' ఒకేసారి 23 ఎడిషన్లతో వెలువడింది. నీటి ఎద్దడి, రేషన్ దుకాణం, బస్సు రాని రోడ్డు, డాక్టరు లేని ఆసుపత్రి వంటి విషయాలకు అచ్చులో చోటు దొరికింది. పట్నం పత్రికలో తమ ఊరి పేరు ఏడాదికొకసారి కూడా కనబడని ప్రజలు తమ బజారు సంగతులను ప్రతి ఉదయం చదువుకోగలిగారు.

దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా అమ్మకాలను అడ్డుకున్నారు. అక్షరాస్యతా ఉద్యమం వారిని ఒకచోట చేర్చింది. స్థానిక పేజీలు ఆ వార్తను ఊరి నుంచి ఊరికి మోశాయి. ఒక గ్రామంలో ఆడవారు చేసిన పని మరో గ్రామంలోని ఆడవారికి మరునాడే తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. ఒక జిల్లా వార్తకు ప్రభుత్వ విధానాన్ని కదిలించే శక్తి ఉందని మాత్రం అది నిరూపించింది. అంత శక్తి ఉన్న చోట అంతే ప్రమాదమూ ఉంటుంది.

పేరు దాచినంత మాత్రాన

బాధితుల గుర్తింపును కాపాడే విషయంలో మన చట్టాలు చాలావరకు స్పష్టంగానే ఉన్నాయి. లైంగిక నేరాల బాధితుల వివరాలు ప్రచురించడం పూర్వం భారతీయ శిక్షాస్మృతిలోని 228ఎ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ కింద అదే నేరానికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మరో అడుగు ముందుకు వేసింది. పేరు ఒక్కటే కాదు, పరోక్షంగానైనా బాధితురాలిని గుర్తించడానికి దారితీసే ఏ వివరాన్నీ వెల్లడించరాదని చెప్పింది. బాధితురాలు మరణించినా ఈ రక్షణ కొనసాగుతుందని, పేరు వెల్లడించవలసిన ప్రత్యేక పరిస్థితి ఉంటే అది సెషన్స్ న్యాయమూర్తి నిర్ణయించవలసిన విషయమని పేర్కొంది.

పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం మరింత నిర్దిష్టంగా ఉంది. ఆ చట్టంలోని 23వ సెక్షన్ బాలల పేరు, చిరునామా, ఫొటోతో పాటు కుటుంబ వివరాలు, పాఠశాల, నివసించే పరిసరాల ప్రస్తావనను కూడా నిషేధించింది. అంటే మొదట మనం ఊహించుకున్న వార్త పేరు దాచినా చట్టాన్ని ఉల్లంఘించినట్టే. అదే సెక్షన్‌లో అంతగా చర్చకు రాని ఒక అంశం ఉంది. ఉద్యోగి చేసిన తప్పుకు ప్రచురణకర్త లేదా సంస్థ యజమాని కూడా ఉమ్మడిగా బాధ్యుడవుతారు. 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ఆపదలో ఉన్న పిల్లలకే గాక, నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లలకు సైతం ఇటువంటి రక్షణనే ఇస్తోంది.

చట్టం ఉన్నా ఉల్లంఘన ఆగలేదు. 2018లో కఠువా ఘటనలో బాలిక గుర్తింపును వెల్లడించినందుకు ఢిల్లీ హైకోర్టు 12 మీడియా సంస్థలను ఒక్కొక్కటి 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2019 నవంబరులో శంషాబాద్ సమీపంలో జరిగిన ఘోరం తరువాత, మృతురాలిని 'దిశ' అనే పేరుతోనే ప్రస్తావించాలని సైబరాబాద్ పోలీసులు కోరారు. అప్పటికే ఆమె అసలు పేరు, ఫొటో ఫోన్లలో దేశమంతా తిరిగాయి. గుర్తింపును కాపాడటానికి పెట్టిన పేరు ఆలస్యంగా వచ్చింది.

పెద్ద కేసుల్లో కోర్టులు స్వయంగా జోక్యం చేసుకుంటాయి. జిల్లా పేజీలో మూలన అచ్చయ్యే నాలుగు వాక్యాల వార్తను ఏ హైకోర్టూ గమనించదు. అందుకే అక్కడ కొలమానం వేరుగా ఉండాలి. ఈ వివరం చదివితే అందరికంటే దగ్గరగా ఉన్న పాఠకుడు, అంటే పక్కింటివారు, తరగతిలోని తోటి విద్యార్థి, ఆ మనిషిని గుర్తుపడతారా? గుర్తుపడతారనుకుంటే ఆ వివరం వార్తలో ఉండకూడదు. అవసరమైతే ఊరి పేరు బదులు జిల్లా పేరుతో సరిపెట్టాలి. తల్లిదండ్రుల వృత్తి, తరగతి, చుట్టరికాలు వదిలేయాలి. ఇలా చేస్తే వార్త చప్పబడుతుందని కొందరు అంటారు. పోలీసులు కేసు నమోదు చేశారా, వైద్య పరీక్ష సకాలంలో జరిగిందా, అభియోగపత్రం దాఖలైందా అన్న ప్రశ్నలకు జవాబులు రాస్తే వార్తలో పస తగ్గదు. ప్రజలకు నిజంగా అవసరమైన సమాచారం అదే.

పోలీసు ప్రకటన తీర్పు కాదు

స్థానిక నేరవార్తకు ప్రధాన ఆధారం పోలీసులు ఇచ్చే ప్రెస్ నోట్. దానిలో తప్పులేదు. కాని చాలా సందర్భాల్లో ఆధారం అదొక్కటే కావడం, అందులోని వాక్యాలే వార్తగా మారడం సమస్య. నిందితుల ముఖాలకు ముసుగులు వేసి విలేకరుల ఎదుట నిలబెట్టడం ఒక ఆనవాయితీగా మారింది. పక్కన బల్లమీద స్వాధీనం చేసుకున్న సొమ్ము, వెనుక వరుసగా అధికారులు. మరునాడు పత్రికలో 'నిందితుడు' అన్న మాట వార్త మధ్యలో ఎక్కడో ఉంటుంది. శీర్షికలో మాత్రం 'కీచకుడు', 'కామాంధుడు', 'కిరాతకుడు', 'ప్రబుద్ధుడు' వంటి మాటలు ఉంటాయి. న్యాయస్థానం ఇంకా సాక్ష్యమే వినలేదు, శీర్షిక అప్పుడే శిక్ష వేసింది.

ఇటువంటి పోలీసు ప్రకటనలు మీడియా విచారణకు దారితీయకూడదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. మీడియాకు పోలీసులు సమాచారం ఇచ్చే పద్ధతిపై సమగ్ర మార్గదర్శకాలు రూపొందించాలని కేంద్ర హోం శాఖను ఆదేశించింది. దీనికి కారణాలు మనకు దూరంగా లేవు. 'దిశ' కేసులో నలుగురు నిందితులు 2019 డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు పోలీసులపై పూలు చల్లిన దృశ్యాలు దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో వెల్లడైన తన నివేదికలో ఎదురుకాల్పుల కథనాన్ని విశ్వసించలేదు. ఆ నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి మైనర్లని అభిప్రాయపడింది. నివేదికపై న్యాయ వివాదం తరువాత హైకోర్టుకు చేరింది. విచారణ పూర్తికాని దశలో వాడే ప్రతి మాటా ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పడానికి ఈ ఉదంతం చాలు.

జిల్లా స్థాయిలో ఈ జాగ్రత్తకు ఇంకొక కారణం ఉంది. అరెస్టు వార్త మూడు కాలమ్‌లలో వస్తుంది. నాలుగేళ్ల తరువాత ఆ మనిషి నిర్దోషిగా విడుదలైతే ఆ వార్త చాలాసార్లు రానే రాదు. నగరంలో అయితే ఆ వ్యక్తి జనంలో కలిసిపోవచ్చు. ఊళ్లో ఆయన పేరు పక్కన శీర్షికలోని మాటే మిగిలిపోతుంది. పిల్లల సంబంధాలు, కిరాణా కొట్టులో అప్పు, కూలి పనికి పిలుపు, అన్నీ ఆ మాటతోనే ముడిపడతాయి. అరెస్టు గురించి రాసిన పత్రికకు తీర్పు గురించి కూడా రాయవలసిన బాధ్యత ఉంది. అందుకు పెద్ద వ్యవస్థ అక్కరలేదు. జిల్లా డెస్కులో పేర్లు, కేసు నంబర్లు రాసుకున్న ఒక పుస్తకం ఉంటే చాలు.

మాటల ఎంపికలో మరో కోణం కూడా ఉంది. కులాంతర వివాహం చేసుకున్నవారిని చంపితే ఎంతోకాలం 'పరువు హత్య' అని రాస్తూ వచ్చాం. హత్యలో పరువు ఉన్నట్టు ఆ మాట ధ్వనిస్తుంది. 2018లో మిర్యాలగూడ ఘటన తరువాత తెలుగు నేలపై ఈ పదంపై గట్టి ప్రశ్నలు వచ్చాయి. 'కుల దురహంకార హత్య' అన్న మాట వాడుకలోకి రావడం మంచి మార్పు. అదేవిధంగా భార్య హత్యకు గురైనా, భర్త హత్యకు గురైనా దర్యాప్తు మొదలుకాకముందే ఆడవారి ప్రవర్తనను శీర్షికలోకి లాగే అలవాటు కూడా పోవాలి.

మరణ వార్తలో సంయమనం

ఆత్మహత్య వార్తల విషయంలో భారత ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఆమోదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలే వాటికి ఆధారం. వార్తను ప్రముఖంగా ఇవ్వరాదు, పదే పదే ఇవ్వరాదు. ఎంచుకున్న పద్ధతిని వర్ణించరాదు, స్థలాన్ని వివరించరాదు. సంచలన శీర్షికలు, ఫొటోలు, వీడియోలు వాడరాదు. ఒక్క కారణానికే మరణాన్ని ముడిపెట్టి పరిష్కారంగా చూపరాదు. మానసిక చికిత్స పొందుతున్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకుండా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా నియంత్రిస్తోంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్టు వార్తలు వచ్చాయి. ఫలితాల ప్రక్రియలో దొర్లిన లోపాలను వెలికితీయడం విలేకరుల విధి. ఉత్తీర్ణులు కాని విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం నిర్ణయించడం వెనుక ఆ ఒత్తిడి కూడా ఉంది. కాని లోపాలను నిలదీయడానికి మరణించిన పిల్లల ఫొటోలు వరుసగా పేర్చవలసిన అవసరం లేదు. అదే వయసులో, అదే ఆందోళనలో ఉన్న మరో విద్యార్థి ఆ పేజీని ఎలా చదువుతారన్నది డెస్కులో ఒకరైనా అడగాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ సహాయ కేంద్రం నంబరు 14416. అటువంటి ప్రతి వార్త కింద ఆ నంబరు ఇవ్వడానికి ఒక్క వాక్యం చాలు.

అన్ని మరణాలకూ ఒకే సూత్రం వర్తించదు. రైతు మరణం ఇందుకు ఉదాహరణ. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసిన 421వ నంబరు ఉత్తర్వు ప్రకారం, మరణించిన రైతు కుటుంబానికి సాయం అందాలంటే అధికారుల కమిటీ విచారణ జరపాలి. అప్పులు, కౌలు, పంట నష్టం వివరాలు వెలుగులోకి రాకపోతే ఆ విచారణ కాగితాల్లోనే ఆగిపోవచ్చు. కౌలు పత్రం లేని రైతు కుటుంబానికి పత్రికలో వచ్చిన వార్త ఎంతో కొంత ఆసరా. ఇక్కడ కుటుంబం అంగీకారంతో పేరు రాయడమే న్యాయం. దాచవలసింది మరణించిన తీరును, చెప్పవలసింది దారితీసిన పరిస్థితులను. ఈ తేడా నియమావళిని బట్టీ పట్టినంత మాత్రాన తెలియదు. ఆ ఊరిని తెలిసిన విలేకరి, అనుభవం ఉన్న సబ్ ఎడిటర్ మాట్లాడుకుంటే తెలుస్తుంది.

విలేకరి బతుకుతెరువు

ఇంతవరకు చెప్పుకున్న బాధ్యతలన్నీ ఆచరణలో ఎవరి మీద పడుతున్నాయి? మండల స్థాయి విలేకరి మీద. ఆయనకు చాలా చోట్ల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే కొద్దిపాటి సొమ్ము పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. సంస్థ ఆయనకు గుర్తింపు కార్డు ఇస్తుంది. దానితో పాటు ప్రకటనలు సేకరించే లక్ష్యం కూడా ఇస్తుంది. ఉగాదికి, స్వాతంత్ర్య దినోత్సవానికి, నాయకుల పుట్టినరోజులకు శుభాకాంక్షల ప్రకటనలు తేవాలి. ఆ ప్రకటనలు ఎవరిస్తారు? గుత్తేదారు, రైస్ మిల్లు యజమాని, ప్రైవేటు పాఠశాల యాజమాన్యం, స్థానిక ప్రజాప్రతినిధి. విలేకరి ప్రశ్నించవలసినది కూడా వారినే. ఉదయం రోడ్డు నాణ్యతపై ప్రశ్న అడిగి, సాయంత్రం అదే గుత్తేదారు దగ్గర ప్రకటన అడగవలసిన మనిషికి నైతిక ప్రమాణాల గురించి ఉపన్యసించడం తేలిక.

ఈ వ్యవస్థ పండించిన చేదు ఫలాన్ని 2009 ఎన్నికల్లో దేశం చూసింది. మహారాష్ట్రలో వేర్వేరు పత్రికల్లో ఒకే నాయకుడిపై అక్షరం పొల్లుపోకుండా ఒకే ప్రశంస ఎలా వచ్చిందో పాత్రికేయుడు పి. సాయినాథ్ బయటపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లాలో వర్కింగ్ జర్నలిస్టుల సంఘం సర్వే జరిపి, వార్తల అమ్మకంపై ఆధారాలు సేకరించింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. వారిలో ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వారు సమర్పించిన నివేదికలో సంస్థల పేర్లు ఉన్నాయి. కౌన్సిల్ మొదట క్లుప్త రూపాన్నే ఆమోదించింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తరువాత 2011లో గాని పూర్తి నివేదిక ప్రజల ముందుకు రాలేదు. అక్రమాన్ని వెల్లడించడమే వృత్తిగా ఉన్న రంగం తన విషయంలో వెనుకాడింది.

నగదుగాని మరో రూపంలోగాని ప్రతిఫలం తీసుకొని ప్రచురించే వార్తను, విశ్లేషణను చెల్లింపు వార్తగా కౌన్సిల్ నిర్వచించింది. ఎన్నికల సంఘం జిల్లాల్లో మీడియా పరిశీలన కమిటీలు ఏర్పాటు చేసింది. అటువంటి వార్త రుజువైతే ఖర్చు అభ్యర్థి లెక్కలో చేరుతుంది. 2011 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది. రెండు హిందీ దినపత్రికల్లో వార్తల రూపంలో వచ్చిన ప్రచారం ఖర్చును ఆమె లెక్కల్లో చూపలేదు. శిక్ష అభ్యర్థికి పడింది. సొమ్ము తీసుకున్న వైపు అటువంటి శిక్ష లేదు.

2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ అంశంపై నివేదిక ఇస్తూ, పాత్రికేయులను కాంట్రాక్టు పద్ధతిలో నియమించడం, తక్కువ వేతనాలు, సంపాదకుల స్వేచ్ఛ తగ్గిపోవడం ఈ జాడ్యానికి కారణాలని గుర్తించింది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పాత్రికేయులకు కొన్ని హక్కులు ఇచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతిలో దాన్ని కలిపారు. మండల విలేకరుల్లో అత్యధికులు నియామక పత్రమే లేనివారు కనుక ఈ చట్టాల నీడ వారిపై పడటం కష్టం.

యాజమాన్యాల వాదనను కూడా వినాలి. కాగితం ధర పెరిగింది, ప్రకటనలు అంతర్జాలానికి తరలిపోయాయి, మండలానికొక జీతగాణ్ని పెట్టుకునే స్థోమత చిన్న పత్రికకు లేదు. ఇందులో నిజం ఉంది. కాని వార్త సేకరించే మనిషే ప్రకటన కూడా సేకరించాలన్న నిబంధనను తీసేయడానికి స్థోమతతో పనిలేదు. ఆ రెండు పనులకు ఇద్దరు మనుషులను పెట్టడం మొదటి సంస్కరణ కావాలి. ఆ గోడ లేకుండా ఎన్ని నియమావళులు అచ్చువేసినా అవి గోడకు తగిలించే పటాలుగానే మిగులుతాయి.

సంయమనం వేరు, మౌనం వేరు

నైతికత పేరుతో స్థానిక వార్త నోరు నొక్కే ప్రమాదం కూడా ఉంది. ఊళ్లో బలవంతులైనవారు 'మా పరువు తీశారు' అన్న ఫిర్యాదును ఆయుధంగా వాడతారు. కేసులు, బెదిరింపులు, చివరకు దాడులు. 2018 మార్చిలో మధ్యప్రదేశ్‌లోని భిండ్‌లో ఇసుక అక్రమ రవాణాపై కథనాలు చేసిన టెలివిజన్ విలేకరి సందీప్ శర్మ లారీ కింద పడి మరణించారు. 2025 జనవరి 3న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో యువ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ మృతదేహం ఒక సెప్టిక్ ట్యాంకులో దొరికింది. తెలంగాణ సరిహద్దుకు ఆవల ఉన్న ఆ జిల్లాలో రహదారి పనుల్లో అవకతవకలపై కథనం ప్రసారమైన కొద్ది రోజులకే ఆయన కనబడకుండా పోయారు. ప్రధాన నిందితుడైన గుత్తేదారును పోలీసులు హైదరాబాదులో అదుపులోకి తీసుకున్నారు. 2021లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాను విడుదలకు తోడ్పడిన పాత్రికేయుల్లో ముకేశ్ ఒకరు.

ఈ ఉదంతాలు ఒక గీతను స్పష్టం చేస్తున్నాయి. సామాన్యుడి ఇంటి విషయం విషయంలో విలేకరి వెనక్కి తగ్గాలి. ప్రజాధనం, ప్రభుత్వ అధికారం విషయంలో వెనక్కి తగ్గకూడదు. మన జిల్లా పేజీల్లో చాలాసార్లు దీనికి విరుద్ధంగా జరుగుతోంది. పేదవారి కాపురం గొడవ పేర్లతో సహా అచ్చవుతుంది. టెండరు గొడవలో మాత్రం 'ఓ ప్రజాప్రతినిధి', 'ఓ ప్రముఖుడు' అని రాస్తారు. పేరు ఎవరిది దాచాలి, ఎవరిది చెప్పాలి అన్నది ధైర్యంతోనే కాక ఎవరు ఎదురు తిరగగలరన్న లెక్కతో కూడా నిర్ణయమవుతోంది. నైతిక ప్రమాణాలు సరిచేయవలసింది ఈ లెక్కను.

విలేకరులు ఎవరి ఇళ్ల నుంచి వస్తున్నారన్నది కూడా దీనితో ముడిపడిన విషయమే. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో ప్రారంభమైన 'ఖబర్ లహరియా'ను ప్రధానంగా దళిత, వెనుకబడిన వర్గాల గ్రామీణ మహిళలే నడుపుతున్నారు. 2009లో దానికి యునెస్కో అక్షరాస్యతా పురస్కారం లభించింది. బాధితురాలి ఇంటి గడప దాటి లోపలికి వెళ్లగలిగే మహిళా విలేకరి ఉన్నప్పుడు పోలీసు ప్రెస్ నోట్ ఒక్కటే ఆధారం కాదు. తెలుగు జిల్లాల్లో మండల స్థాయి మహిళా విలేకరులు అరుదు. సాయంత్రం దాటాక ప్రయాణం, జీతం లేని పని, ప్రకటనల లక్ష్యం వారిని ఈ వృత్తికి దూరంగా ఉంచుతున్నాయి.

చేతిలోని ఫోను

ఇప్పుడు ప్రతి మండలంలోనూ యూట్యూబ్ ఛానళ్లు, వాట్సాప్ వార్తా బృందాలు ఉన్నాయి. వాటిలో కొన్ని మంచి పని చేస్తున్నాయి. పెద్ద పత్రికలు ముట్టుకోని విషయాలను బయటపెడుతున్నాయి. అయితే డెస్కు, సరిచూసే రెండో మనిషి అక్కడ ఉండరు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యాపించాయి. తెలంగాణలో అమాయకులు మూకదాడుల్లో ప్రాణాలు కోల్పోయారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు గ్రామాల్లో పాటలతో, డప్పులతో ఈ వదంతులు అబద్ధమని ప్రచారం చేశారు. అక్కడ ప్రాణనష్టం జరగలేదు. ఒక ఫోను సందేశాన్ని ఆపడానికి ఊరూరా మనిషి వెళ్లి చెప్పవలసి వచ్చింది. స్థానిక విలేకరి మొదటి గంటలోనే ఠాణాకు ఫోను చేసి 'అలాంటి ఘటన జరగలేదు' అని రాయగలిగితే అదే అతి పెద్ద ప్రజాసేవ.

సవరణ ఎక్కడ వస్తుంది

తప్పు జరిగితే సామాన్యుడు ఎక్కడికి వెళ్లాలి? పత్రికపై ఫిర్యాదు ఉంటే ముందుగా సంపాదకుడికి రాయాలి. జవాబు తృప్తికరంగా లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. దినపత్రికలు, వారపత్రికల విషయంలో ప్రచురణ నాటి నుంచి రెండు నెలల గడువు ఉంది. 1978 నాటి చట్టం కింద కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా విధించే అధికారం దానికి లేదు. టెలివిజన్ ఛానళ్లకు వాటి సంఘమే ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థ ఉంది. దాని పరిధి సభ్య సంస్థలకే పరిమితం. డిజిటల్ వార్తా సంస్థలు ఫిర్యాదును 15 రోజుల్లో పరిష్కరించాలని 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనలు చెబుతున్నాయి. మారుమూల ఊళ్లో కూలి పనికి వెళ్లే మనిషి ఢిల్లీకి ఫిర్యాదు పంపి, విచారణకు హాజరు కావడం ఎంత సాధ్యమో ఆలోచించాలి. ఆయనకు అందుబాటులో ఉండేది జిల్లా కార్యాలయమే. అందువల్ల ప్రతి జిల్లా ఎడిషన్‌లో ఫిర్యాదులు స్వీకరించే ఒక అధికారి పేరు, ఫోను నంబరు రోజూ అచ్చువేయడం కనీస మర్యాద. తప్పు ఏ పేజీలో, ఏ చోట వచ్చిందో సవరణ కూడా అక్కడే రావాలి. తప్పు చదివినవారు ఆ మండలం పాఠకులు. సవరణ చదవవలసినదీ వారే.

చేయవలసిన పనులు దుస్సాధ్యమైనవేమీ కావు. ప్రకటనల సేకరణ నుంచి విలేకరిని తప్పించాలి. నియామక పత్రం, కనీస పారితోషికం ఇవ్వాలి. పోక్సో, బాల న్యాయ చట్టాలపై ఏడాదికి ఒకసారైనా శిక్షణ ఉండాలి. లైంగిక నేరం, ఆత్మహత్య, మత ఉద్రిక్తత వార్తలను ఇద్దరు చదవకుండా అచ్చుకు పంపకూడదు. అరెస్టయినవారి కేసు ముగింపు వరకు వార్త వెంట నడవాలి. వీటిలో మొదటి రెండూ యాజమాన్యం చేతిలో, మిగిలినవి డెస్కు చేతిలో ఉన్నాయి. విలేకరి చేతిలో ఉన్నది ఒక్కటే, తనకు తెలిసినదంతా రాయకుండా ఉండగలగడం.

పాఠకుల పాత్ర కూడా తక్కువది కాదు. పక్కింటివారి కష్టం పేరుతో సహా వచ్చిన పేజీనే ముందుగా తిరగేస్తుంటే పత్రిక అదే వడ్డిస్తుంది. తమ ఊరి పాఠశాల భవనం గురించి, ఆసుపత్రిలో మందుల గురించి వార్త ఎందుకు రాలేదని జిల్లా కార్యాలయానికి ఫోను చేసి అడిగే పాఠకులు పెరిగితే డెస్కు కూడా మారుతుంది. ఆ ఫోను ఎత్తడానికి అక్కడ ఒక మనిషి ఉండేలా చూడటం సంపాదకుల బాధ్యత.